పిల్లిమొగ్గలు

మన భాషలో పిల్లిమొగ్గకు గౌరవం తక్కువ. మాట మార్చేవానిని చూచి ‘పిల్లిమొగ్గలు వేస్తున్నాడు’ అంటాం. మిడిసిపడేవానిని ‘హనుమంతుని ముందరా కుప్పిగంతులు?’ అని ఎద్దేవా చేస్తాం. నా చిన్నతనంలో మా ఊరి రచ్చకట్ట వద్ద డోలు మోగించి, గడ నాటి, ఆట కట్టే దొమ్మరివారి చిన్నపిల్ల ఒకతె గాలిలో మొగ్గలు వేసేది. జనం చప్పట్లు కొట్టి, రూపాయి బిళ్లలు విసరి ఇళ్లకు వెళ్లిపోయేవారు. ఆ పిల్ల ఆ విద్యను ఎన్నేళ్లు సాధన చేసిందో, ఎన్నిసార్లు పడి లేచిందో అడిగినవారు లేరు. నేనూ అడగలేదు. ఆ ప్రశ్న నా మనస్సున పుట్టటానికి నేను ముప్పది ఏళ్లూ దాటాలి, సముద్రాలూ దాటాలి అని వ్రాసి ఉన్నది కాబోలు.

గత వేసవి సెలవులలో అమెరికాలోని డాలస్ నగరంలో ఉంటున్న మా ఆపా ఇంటికి వెళ్లాను. ఆమె కుమార్తెకు పదమూడేళ్లు. ఆ అమ్మాయి ‘చీర్‌లీడింగ్’ పోటీలకు సాధన చేస్తున్నదని విని, నిజం చెప్పవద్దూ, నాకు అంతగా నచ్చలేదు. 2008లో ఐపీఎల్ క్రికెట్ మొదలైనప్పటినుండి ఆ మాట వినగానే మైదానం అంచున రంగురంగుల కుచ్చులు ఊపుతూ నర్తించే యువతులే మనకు గుర్తుకు వస్తారు. మా అమ్మ అయితే ఫోనులోనే, “ఆడపిల్ల తలక్రిందులుగా ఎగరటమేమిట్రా, నువ్వయినా చెప్పు” అని నాకు బాధ్యత అప్పగించింది. చెప్పటానికే వెళ్లాను. కాని నేర్చుకొని వచ్చాను.

ఈ విద్య పుట్టుక విచిత్రమైనది. 1898 నవంబరు 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటలో జానీ కాంప్‌బెల్ అనే విద్యార్థి ప్రేక్షకుల ముందు నిలిచి, అందరిచేత ఒక్క గొంతుతో ఉత్సాహ నినాదాలు చేయించాడు. అంటే తొలుత ఇది మగవారి పని. స్త్రీలు అదే విశ్వవిద్యాలయంలో 1923లో ప్రవేశించారు. 1948లో డాలస్‌కు చెందిన లారెన్స్ హెర్కిమర్ దీనికొక జాతీయ సంస్థను నెలకొల్పాడు. క్రమంగా ఒకరిని ఉత్సాహపరచటం పోయి, తామే పోటీపడే జట్లు వెలసినవి. పోటీ ప్రదర్శన రెండున్నర నిమిషాలు. రంగస్థలం 54 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు. ఆ కొద్దిసేపటిలో ఎగుళ్లు, మానవ గోపురాలు, నృత్యం, వీటితోపాటు మొగ్గలు కూడ ఉండాలి. ఆ మొగ్గల విద్యనే ‘టంబ్లింగ్’ అంటారు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ క్రీడ యొక్క ప్రపంచ సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇచ్చింది.

ఈ విద్యకు మెట్లున్నవి. మొదటి మెట్టులో దొర్లుమొగ్గలు, బండిచక్రం వలె ప్రక్కకు తిరగటం, వంతెన వలె వెనుకకు వంగి కాళ్లు దాటించటం. ఇక్కడ సాధారణంగా శరీరం నేలను పూర్తిగా విడువరాదు. రెండవ మెట్టులో ‘బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్’ వస్తుంది. నిలుచున్న చోటనే కుర్చీలో కూర్చుంటున్నట్లు వెనుకకు ఒరిగి, చేతులను చెవుల ప్రక్కగా విసరి, వెనుకకు దూకి, అరచేతులపై ఆని, భుజాలతో నేలను నెట్టి తిరిగి కాళ్లపై నిలవాలి. ఆ పైమెట్లలో చేతులు ఆనించకుండా గాలిలో తిరగటం, గాలిలోనే మెలిక తిరగటం ఉంటాయి.

మా మేనకోడలు ఈ రెండవ మెట్టు మొగ్గను ఒక సంవత్సరంపాటు సునాయాసంగా వేసింది. ఒకనాడు అకస్మాత్తుగా వేయలేకపోయింది. దెబ్బ తగలలేదు, జ్వరం రాలేదు. చేతులు ఎత్తి నిలుచుంటుంది, శరీరం కదలదు. ఈ క్రీడలో ఇట్టి మానసిక స్తంభన చాలమందికి కలుగుతుందట. మే నెలాఖరున జట్ల ఎంపిక. పిల్ల అన్నం సరిగా తినటం లేదని ఆపా కళ్లనీళ్లు పెట్టుకొన్నది.

ఉపన్యాసకుణ్ణి కదా, ధైర్యం చెప్పటం నా వృత్తి అనుకొన్నాను. ఒక సాయంత్రం పెరటి గడ్డిలో నిలబెట్టి, “భయమెందుకమ్మా, నిన్నటిదాకా వచ్చిన విద్యే కదా! కళ్లు మూసుకొని దూకు” అన్నాను. నా మాట కాదనలేక దూకింది. సగంలో సంశయించింది. చేతులకంటె ముందు తల వెనుకకు విసరింది, మోచేతులు మడత పడ్డవి. మెడ కొద్దిలో తప్పింది, మణికట్టు బెణికింది. ఆ పిల్ల ఏడవలేదు. “మామూ, మీ తప్పు కాదు” అన్నది. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

మర్నాడు శిక్షకురాలి వద్దకు నేనే వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె నన్ను గట్టిగానే మందలించింది. మెత్తని పరుపు లేకుండా, ఆనిక పట్టటం తెలిసిన మనిషి ప్రక్కన లేకుండా ఈ మొగ్గ వేయించరాదట. ఇక పిల్లతో ఆమె అన్న మాట ఒక్కటే: “కొన్నాళ్లు ఆ మొగ్గ పేరే ఎత్తవద్దు. ఒక మెట్టు వెనుకకు వెళదాం.”

మణికట్టు నయమైన తరువాత సాధన మొదలైంది. గోడవైపు ముఖం పెట్టి చేతులపై నిలవటం, వెల్లకిల పడుకొని నడుము నేలకు అదిమి కాళ్లూ భుజాలూ లేపి ఉంచటం, భుజాలు సాగటానికి వంతెన కట్టటం, ఇవే ప్రతిదినం. ఆ తరువాత పెద్ద పీపా వంటి మెత్తటి దిమ్మపై వెనుకకు దొర్లటం. ఆపైన వాలుగా ఉన్న పరుపుపై, నడుము క్రింద ఒక చేయి, తొడ వెనుక ఒక చేయి ఉంచి శిక్షకురాలు దాటించటం. కూర్చునేటప్పుడు మోకాళ్లు కాలివ్రేళ్లను దాటి ముందుకు పోరాదు. పోతే దూకుడు కురచ అవుతుంది. తల రెండు చేతుల నడుమనే ఉండాలి. అలసిన దినాన సాధన ఆపాలి. ఎదిగే ఎముకలకు విశ్రాంతి కూడ సాధనలో భాగమే. శిక్షకురాలు ఒక్కసారి కూడ ‘భయపడకు’ అనలేదు. భయం అవసరం లేనంత చిన్న మెట్టును చూపించేది, అంతే.

ఎంపికలో మా మేనకోడలికి రెండవ మెట్టు జట్టు దక్కలేదు. మొదటి మెట్టు జట్టులో చేరింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మకు ఫోను చేసి, “అమ్మీ, పిల్ల ఎగరనీ” అని మాత్రం చెప్పాను.

తిరిగి వచ్చి తరగతిలో అడుగుపెట్టగానే నాకొక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. పదవ తరగతివరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. కిందటి సంవత్సరం ద్విత్వాక్షరాల దగ్గర తడబడుతుంటే, “భయమెందుకయ్యా, చదువు!” అని నిండు తరగతిలో పద్యం చదివించాను. తరగతి నవ్వింది. ఆనాటినుండి అతడు నా తరగతికి రావటం మానివేశాడు. అతడు సోమరి అని నేను తీర్మానించుకొన్నాను. మెడ విరగకపోయినా అదీ పెరటి గడ్డే. పరుపు వేయనిది నేనే.

అతనిని పిలిపించాను. రోజూ సాయంత్రం పావుగంట, ఇద్దరమే. ముందు గుణింతం, తరువాత ఒత్తులు, ఆపైన చిన్న వాక్యాలు. సిగ్గుపడితే ఒక మెట్టు వెనుకకు. ఈ నెలలో తానే లేచి తరగతిలో పద్యం మొదటి పాదం చదివాడు. రెండవ పాదం దగ్గర ఆగాడు. ఎవరూ నవ్వలేదు. కూర్చున్నాడు, రేపు మళ్లీ లేస్తానన్నాడు.

మొగ్గ అమెరికావారి సొత్తు కాదు. మన హైదరాబాదు అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్ విభాగాన కాంస్యం గెలిచింది. ఆ పోటీలలో మన దేశానికి వ్యక్తిగత పతకం అదే మొదటిది. కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటి. మన వ్యాయామశాలకు నాలుగు మెత్తని పరుపులు, నేర్పటం తెలిసిన ఒక శిక్షకుడు కావాలి. బాలికలకు ప్రత్యేక సమయం కావాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు చెప్పవలసిన హితవు నా వద్ద లేదు. మీరు తడబడిన చోట నన్ను పిలవండి. ‘దూకు’ అనను. ప్రక్కన చేయి ఆనించి నిలుచుంటాను.