ఒక్కడి బరువు

మూడు దశాబ్దాలుగా ఉక్కు దూలాల లెక్కలు కట్టిన నాకు, అడుగు వెడల్పైనా లేని ఒక చెక్కపలక పాఠం చెబుతుందని ఏనాడూ ఊహించలేదు.

గత సంవత్సరం కాలిఫోర్నియాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళేసరికి, వాడు కారు షెడ్డులో స్లాలమ్ స్కేట్‌బోర్డుకు పలక తయారు చేసుకుంటున్నాడు. వరుసగా నిలిపిన ప్లాస్టిక్ శంకువుల నడుమ మెలికలు తిరుగుతూ దూసుకుపోయే పందెం అది. పాత పలక మలుపులో మెలితిరిగి, చక్రాలు పట్టు తప్పి, వాడి మణికట్టు విరిగిందట.

తండ్రి మనసు కదా! "మందం పెంచరా" అన్నాను. మేపుల్ పొరలు మరో రెండు చేర్చాం. పలక బండరాయిలా తయారైంది. విరగదు, కాని ఊగదు. స్లాలమ్ పలక నడుమ విల్లులా కాస్త పైకి వంగి ఉండాలి. మలుపులో అదిమినప్పుడు అణగి, బరువు తీయగానే లేచి, ఆటగాణ్ణి ముందుకు నెట్టాలి. మందం పదోవంతు తగ్గితే దృఢత్వం 27 శాతం తగ్గుతుంది. ఈ సూత్రం నేనెరుగనిది కాదు, భయంలో మరచాను.

"నాన్నా, ఇది లారీలెక్కే వంతెన కాదు. నా ఒక్కడి బరువుకే" అన్నాడు వాడు నవ్వుతూ.

మళ్ళీ మొదలుపెట్టాం. మందం తగ్గించి, పోగులు 45 డిగ్రీల ఏటవాలుగా ఉండేలా గాజునార వస్త్రాన్ని పైనా కిందా అంటించాం. ఆ కోణంలోని పోగులు మెలికను నిరోధిస్తాయి. వంపును అంతగా అడ్డుకోవు.

వాడు తొలి శంకువు దాటుతుంటే నా గుండె దడదడలాడింది. పలక వంగింది, లేచింది, నిలిచింది.

బిడ్డలకు మనమిచ్చే ఆసరా వారి బరువుకు తగినట్లుండాలి గాని, మన భయమంత మందంగా ఉండరాదు.