తాళం లోపల, మేం బయట

తాళాలు పోగొట్టుకునేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చులకన. మా ఆవిడ ఓసారి బీరువా తాళాలు పప్పుడబ్బాలో పెట్టి మర్చిపోయిన సంగతి ముప్ఫై ఏళ్ళుగా ఇంటికొచ్చిన చుట్టానికల్లా చెబుతూ వచ్చాను. ఆవిడా నవ్వి ఊరుకునేది. 2019 మే నెల తర్వాత ఆ కథ చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో మా చుట్టాలకి తెలీదు. మీకు చెబుతాను.

మావాడికీ, కోడలికీ హైదరాబాదులో ఉద్యోగాలు. ఆ వేసవికి రెండేళ్ళ మనవరాల్ని మా దగ్గర వదిలి వెళ్ళారు. పిల్ల పేర అన్నవరం మొక్కు ఒకటి ఉండిపోయింది. ఎండెక్కకుండా రాజమండ్రిలో తెల్లవారుజామునే బయల్దేరాలనుకుని, మా ఇంటి ఆచారం ప్రకారం పదింటికి బయల్దేరాం. కారు కొత్తది, కొని ఏడు నెలలు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో ముందు పని ఉంది.

జగ్గంపేట దాటాక రోడ్డు పక్కన చింతచెట్టు కింద తాటిముంజలు కనిపించాయి. ముంజల విషయంలో మా ఆవిడకి నా మీద నమ్మకం లేదు. నేను తెస్తే ముదురువే వస్తాయంటుంది. అందుకని తనూ దిగింది. వెనక సీట్లో పిల్ల రాగం అందుకుంది. మా చిన్నప్పుడు ఏడ్చే పిల్లల చేతికి మా అమ్మ ఇనప్పెట్టె తాళాలగుత్తి ఇచ్చి ఊరుకోబెట్టేది. నేనూ ఆ సంప్రదాయాన్ని పాటించి, ఇంజను ఆపి, కారు తాళం దాని చేతిలో పెట్టి, లోపలి చల్లదనం పోతుందని తలుపు మూసి రెండడుగులు వేశాను. వెనకాల ‘టక్’ మంది. నాలుగు తలుపులకూ ఒకేసారి తాళాలు పడ్డాయి.

ఇనప్పెట్టె తాళానికి మీట ఉండేది కాదు. అదీ తేడా.

మొదట నవ్వొచ్చింది. పిల్లకీ నవ్వొచ్చింది. ‘‘బుజ్జమ్మా, మళ్ళీ నొక్కమ్మా!’’ అని ఇద్దరం వేలితో అద్దాన్ని నొక్కి చూపించాం. అది కూడా లోపలినుంచి అద్దాన్నే నొక్కింది. తాళం ఏదమ్మా అంటే చూపించింది, నోట్లో పెట్టుకుంది, చివరికి సీటు కిందికి జారవిడిచి, చేతులు తిప్పి ‘‘లేదు’’ అంది.

రెండో తాళం రాజమండ్రిలో బీరువాలో భద్రంగా ఉంది. బీరువా తాళం మా ఆవిడ సంచిలో ఉంది. సంచి కారులో ఉంది.

అయినా నాకు ధైర్యమే. 1986లో ఒక పెళ్ళికి అద్దె అంబాసిడర్లో వెళ్ళినప్పుడూ ఇలాగే తాళం లోపల ఉండిపోయింది. బడికి వెళ్ళే కుర్రాడొకడు సంచిలోంచి స్టీలు స్కేలు తీసి, అద్దానికీ రబ్బరుకీ మధ్య దింపి, క్షణంలో తలుపు తీసి, రెండు రూపాయలు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఈ కొత్త కార్లకి స్కేలు కాదు గదా, గాలి కూడా దూరదు.

జనం పోగయ్యారు. మనవాళ్ళు సలహాకి దరిద్రులు కారు. మోటారు సైకిలు దిగిన కుర్రాడు టెన్నిసు బంతికి చిల్లు పెట్టి తాళం కన్నం మీద అదిమితే గాలి ఒత్తిడికి తలుపు తెరుచుకుంటుందన్నాడు. సెల్‌ఫోనులో చూశాట్ట. బంతి లేదు గనక బతికిపోయాం. ఆ పద్ధతి పనిచెయ్యదని తర్వాత తెలిసింది. ఇంకొకాయన ఇంటి దగ్గరున్న తాళాన్ని ఎవరిచేతైనా ఫోను పక్కన పెట్టించి నొక్కించమన్నాడు. తాళం పంపేది రేడియో తరంగాన్ని, శబ్దాన్ని కాదు. ఫోనులో ఎలా వస్తుంది? అయినా ఆ క్షణాన నేను దాన్ని గురించి కూడా ఆలోచించాను.

ఈలోగా పిల్ల బామ్మ దగ్గరికి వస్తానని ఏడుపు మొదలెట్టింది. చింతచెట్టు నీడ సగం కారు మీదే ఉంది.

లారీ ఆపుకుని ఒక డ్రైవరు వచ్చాడు. చేతిలో చక్రాలు విప్పే పానా ఉంది. ‘‘అద్దం కొట్టేస్తానండి, బాబుగారూ. ముందు అద్దం కాదండి, దానికి మధ్యలో పొర ఉంటది, పగిలినా రాలదు. పక్క అద్దం మూలకి ఒక్కటి వేస్తే పొడిపొడై పోద్ది. పాపకి దూరంగా ఉన్నది కొడతాను. ఊఁ అనండి.’’

నేను ఊఁ అనలేదు.

‘‘జగ్గంపేటలో మెకానిక్ ఎవరన్నా ఉంటారేమో కనుక్కుందాం. ఓ పది నిముషాలు చూద్దాం’’ అన్నాను. పైకి అన్నమాట అది. లోపల మాత్రం అద్దం ఖరీదెంతో, భీమా వాళ్ళు ఇస్తారో ఇవ్వరో లెక్క కడుతున్నాను. మోటారు సైకిలు కుర్రాణ్ణి మెకానిక్ కోసం పంపాను కూడా. డ్రైవరు పానా దించి పక్కకి నిలబడ్డాడు.

కాసేపటికి మా ఆవిడ అద్దానికి మొహం ఆనించి, చాలా నెమ్మదిగా అంది: ‘‘ఏమండీ, పిల్ల ఏడవటం లేదు.’’

నేను చూసేలోపలే ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది. ‘‘కొట్టు నాయనా.’’

ఒక్క దెబ్బకి డ్రైవరు సీటు పక్క అద్దం బియ్యం పోసినట్టు రాలిపోయింది. లోపలినుంచి వచ్చిన సెగ మొహానికి తగిలింది. పిల్ల మొహం కందిపోయి, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. ముంజలవాడు తుండుగుడ్డ తడిపి తెచ్చాడు. నీళ్ళు పడ్డాక అది గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపంత చల్లని చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ముంజలవాడు డబ్బులు పుచ్చుకోలేదు. డ్రైవరు పేరు అడిగేలోపలే లారీ ఎక్కేశాడు.

ఎండలో ఆపిన కారులో వేడి పది నిముషాల్లోనే పది డిగ్రీలదాకా పెరుగుతుందట. పెరిగేదాంట్లో చాలా భాగం మొదటి అరగంటలోనేనట. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదట. పైగా పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతుందట. ఇవన్నీ ఆ రాత్రి చదివాను. తలుపులు పడ్డదగ్గర్నుంచీ మొత్తం ఇరవై నిముషాలు. అందులో చివరి ఆరూ నావి.

అన్నవరం వెళ్ళాం, దర్శనం అయింది. దారిలో మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ముప్ఫై ఏళ్ళ పప్పుడబ్బా బాకీ ఒక్కపూటలో తీర్చుకోవచ్చు. తీర్చుకోలేదు. రాత్రి మావాడు ఫోను చేస్తే, ‘‘రోడ్డు మీద రాయి ఎగిరి అద్దం పగిలిందిరా’’ అన్నాను. ఆవిడ పిల్లని జోకొడుతూ వింది, దిద్దలేదు.

మనవరాలు ఇప్పుడు బడికి వెడుతోంది. కారు తుడిచేటప్పుడు సీటు సందులోంచి ఇప్పటికీ ఒకటీ అరా గాజుముక్క దొరుకుతుంది. వజ్రమని దాచుకుంటుంది.

మా కోడలు ఈ పత్రిక సీరియల్ కోసం వారం వారం కొంటుంది. ఇది చదివాక మొదట ఎవరికి ఫోను చేస్తుందో, వాళ్ళ అత్తగారికో, నాకో, చూడాలి.