క్రుకిడ్ అన్న మాట

మేము కొండల మధ్య ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాం. ఒక రోజు పాఠంలో ‘క్రుకిడ్’ అనే మాట వచ్చింది. వంకర అని అర్థం చెప్పి, అలాంటివి ఏమున్నాయో చెప్పమన్నాం. ఒకరు మన ఊరి దారి అన్నారు, ఒకరు వాగు అన్నారు, ఇంకొకరు కొడవలి అన్నారు. పాఠం బాగా సాగిందని సంతోషించాం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది, ఆ మాట ఒక పిల్లవాడికి పేరైపోయిందని. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి, ఎముక సరిగ్గా అతకక, వాడి కాలు వంగిపోయింది. కంచం పట్టుకుని వరుసలో నిలబడితే వెనక నుంచి ‘క్రుకిడ్, క్రుకిడ్’ అంటున్నారు. వాడు అన్నం తినకుండా వెళ్లిపోయాడు. ఆ రాయి పిల్లల చేతికి ఇచ్చింది మేమే.

ఆ రాత్రి మా చిన్నతనం గుర్తొచ్చింది. తెలుగు సరిగా పలక్కపోతే ‘మీ మాటే వంకర’ అని ఒక పంతులుగారు అనేవారు. చాలా ఏళ్లు మేము తరగతిలో నోరు విప్పలేదు. డి.ఎడ్. శిక్షణలో మాటకు అర్థం ఎలా చెప్పాలో నేర్పారు. ఆ మాట వెళ్లి ఎవరికి తగులుతుందో చూసుకోమని ఎవరూ నేర్పలేదు.

మర్నాడు అదే మాట మళ్లీ బోర్డు మీద రాశాం. ఎవరినీ తిట్టలేదు. ‘క్రుక్’ అంటే కొక్కెం, గొర్రెల కాపరి పట్టుకునే వంపు కర్ర. దాని నుంచే క్రుకిడ్ వచ్చింది. వేలు వంచాడు అని చెప్పడానికి వాడితే అవే అక్షరాలను ‘క్రుక్ట్’ అని ఒక్క ఊపులో పలకాలి. ఆకారం చెప్పేటప్పుడు ‘క్రు-కిడ్’ అని రెండుగా పలకాలి. మోసగాణ్ణి కూడా ఇంగ్లీషులో క్రుకిడ్ అంటారు. మనమూ వంకర బుద్ధి అంటాం, ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి ముక్కుసూటి మనిషి అంటాం. రెండు భాషలూ వంపు మీదే నేరం మోపాయి.

కానీ తెలుగులో ‘వంక’ను చూడండి అన్నాం. ఎదుటివాడిలో తప్పు వెతికితే వంక పెట్టడం. పని ఎగ్గొట్టడానికి చెప్పేదీ వంకే. వానాకాలం కొండ దిగి వచ్చే నీళ్లూ వంకే. ఆకాశంలో అందంగా కనిపించేది నెలవంక.

ఇంకొకటి కూడా చెప్పాం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. అయినా బినామీ పేర్లతో పోతూనే ఉంది. ఆ కాగితాల మీద గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగానే ఉంటాయి. మరి వంకర ఎక్కడుంది?

పిల్లలు ఆలోచనలో పడ్డారు. అప్పుడు ఆ పిల్లవాడు లేచాడు.

“సార్, నాగలికి మా తాత అడవిలో వంగిన కర్రనే వెతుకుతాడు. తిన్నటి కర్ర పనికిరాదంటాడు.”

ఎవరూ నవ్వలేదు. ఆ పేరు ఒక్కరోజులో పోలేదు, కొన్నాళ్లు పట్టింది. వాడు మాత్రం మర్నాటి నుంచి వరుసలో నిలబడి అన్నం తిన్నాడు.

ఇప్పుడు పొట్టి, నలుపు, లావు అని ఏ విశేషణం నేర్పాల్సి వచ్చినా, బోర్డు వైపు తిరిగే ముందు ఒకసారి తరగతి మొత్తం కలయజూస్తాం. తోటి ఉపాధ్యాయులను కూడా అలాగే చూడమని అడుగుతున్నాం.