సిగ్నల్ నిండుగా, నెట్ నిదానంగా

కడప జిల్లా చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ప్రతి సంచి మీదా లోపల ఏముందో అచ్చు వేసి ఉంటుంది. యాభై కిలోల తూకం, గ్రేడు, ఐఎస్‌ఐ గుర్తు, ధర, ఏ సంవత్సరం ఏ వారంలో ప్యాక్ చేశారన్న వివరం. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు వైపు ఇల్లు కట్టుకునే మనిషి పెద్దగా చదువుకోకపోయినా సంచి తిప్పి తేదీ చూస్తాడు. మూడు నెలలు దాటితే సిమెంటు పట్టు తగ్గుతుందని అతనికి మేస్త్రీ చెప్పాల్సిన పని లేదు. అదే మనిషి అమెరికాలో కూతురి కాన్పుకు బయల్దేరేటప్పుడు ఫోన్లో వేయించుకునే ట్రావెల్ ఈ-సిమ్ మీద మాత్రం ఇన్ని జీబీలు, ఇన్ని రోజులు, 5జీ అన్న మూడు ముక్కలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ దిగాక సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. ఇంటికి వీడియో కాల్ చేస్తే ముఖం సగంలో ఆగిపోతుంది, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఫోను పాతదైపోయిందనో, తమకు వాడటం చేతకాలేదనో పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోవాల్సింది వాళ్లు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ నిదానంలో పెద్ద భాగం ఈ-సిమ్ కొన్ననాడే ఖరారైపోయి ఉంటుంది. కారణం పట్టుకుంటే కొన్నిటిని చేతులతో సరిచేసుకోవచ్చు. కొన్నిటిని ఎంత తంటాలు పడ్డా సరిచేయలేం, వాటికి దారి మార్చుకోవడమే మందు. ఏది ఏదో తెలియకపోవడం వల్లే అసలు ఇబ్బంది.

ఈ-సిమ్ అంటే వేరే రకం నెట్‌వర్క్ ఏమీ కాదు. ఫోన్లో ముందే అతికించిన చిన్న చిప్‌లోకి క్యూఆర్ కోడ్ ద్వారా సిమ్ వివరాలు దిగుతాయి, అంతే. 2018లో ఐఫోన్లలోకి వచ్చింది. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కు సిమ్ పెట్టే గాడే తీసేశారు. వేగానికి ప్లాస్టిక్ ముక్క ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు. సంబంధం ఉన్నది ఆ సిమ్ ఎవరిదన్న దానితో. ట్రావెల్ ఈ-సిమ్‌లు అమ్మే యాప్‌లలో చాలావాటికి సొంత టవర్లుండవు. ఏదో ఒక దేశంలోని మొబైల్ కంపెనీ దగ్గర సిమ్‌లు టోకున తీసుకుని, మనం వెళ్లే దేశంలో రోమింగ్ మీద నడిపిస్తాయి. అంటే డల్లాస్‌లో దిగిన చిలమకూరు మనిషి ఫోన్లో ఉన్నది అమెరికా సిమ్ కాకపోవచ్చు. హాంకాంగ్ సిమ్ అయి ఉండవచ్చు, సింగపూర్‌దో పోలండ్‌దో అయి ఉండవచ్చు. రోమింగ్‌లో మామూలుగా జరిగేదేమిటంటే, ఫోన్ నుంచి వెళ్లే ప్రతి అక్షరం ముందు ఆ సిమ్ సొంత దేశపు కంపెనీ దాకా పోయి, అక్కడి గేట్‌వేలో నుంచి ఇంటర్నెట్‌లోకి దిగుతుంది. టవర్ ఇంటి పక్కనే ఉన్నా గడప మాత్రం సముద్రాల అవతల ఉంటుంది.

ఆ దూరం ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్ నుంచి హాంకాంగ్ దాదాపు 13,000 కిలోమీటర్లు. ఫోను అడిగే వెబ్‌సైటు డల్లాస్‌లోనే ఉందనుకుందాం. అడిగిన మాట హాంకాంగ్ వెళ్లి తిరిగి డల్లాస్ చేరాలి, జవాబు మళ్లీ హాంకాంగ్ మీదుగా రావాలి. మొత్తం 52,000 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా సూటిగా పోయినా సెకనులో నాలుగో వంతు దాటుతుంది. కేబుళ్లు సూటిగా ఉండవు, మధ్యలో మజిలీలుంటాయి కాబట్టి అసలు ఆలస్యం ఇంకా ఎక్కువే. ఇది ఒక్కసారి ప్రయాణానికి. ఒక పేజీ తెరుచుకోవాలంటే మామూలుగా మూడు రాకపోకలు జరగాలి: ముందు పలకరింపు, తర్వాత తాళాలు మార్చుకోవడం, ఆ తర్వాత పేజీ అడగడం. అంటే తెర మీద మొదటి అక్షరం పడేసరికే సెకనుకు దగ్గరవుతుంది. ఈ రోజుల్లో ఏ పేజీ అయినా పది చోట్ల నుంచి ముక్కలు తెచ్చుకుంటుంది గనుక ఈ తతంగం మళ్లీ మళ్లీ నడుస్తుంది. ఫోన్ కాల్‌లో ఇదే ఆలస్యం ఇంకో రూపంలో బయటపడుతుంది. ఇటువైపు వాళ్లు మాట్లాడటం ఆపారనుకుని అటువైపు వాళ్లు మొదలుపెడతారు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి, ఇద్దరూ ఆగుతారు. దీనికి ఫోన్ సెట్టింగుల్లో ఎక్కడా మందు లేదు.

స్పీడ్ టెస్ట్ కొడితే 40 ఎంబీపీఎస్ చూపిస్తోంది కదా, నిదానం ఎక్కడిది అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. ఆ పరీక్ష చాలాసార్లు మన గేట్‌వేకు దగ్గరున్న సర్వర్‌ను ఎంచుకుంటుంది, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి అన్నిటి మొత్తాన్ని చూపిస్తుంది. గొట్టం ఎంత లావుందో అది చెబుతుంది. ఎంత పొడవుందో తెలియాలంటే అదే తెర మీద చిన్న అక్షరాల్లో ఉండే పింగ్ అన్న అంకె చూడాలి. అది 50 మిల్లీసెకన్ల లోపుంటే దారి దగ్గరిదే. 200 దాటిందంటే డేటా ఎక్కడో దేశాలు తిరిగి వస్తోందని దాదాపు చెప్పేయవచ్చు. ఇంకో పరీక్ష ఇంకా సులువు. బ్రౌజర్లో 'నా ఐపీ అడ్రస్' అని వెతికి, వచ్చిన పేజీలో దేశం పేరు చూడండి. మీరున్నది అమెరికా, అక్కడ కనిపించేది హాంకాంగ్ అయితే విషయం తేలిపోయినట్టే. మన బ్యాంకు యాప్ ఉన్నట్టుండి లాగిన్ కానివ్వకపోవడానికీ, యూట్యూబ్ ప్రకటనలు ఎవరిదో భాషలో రావడానికీ కారణం చాలాసార్లు ఇదే.

రెండో కారణం పరిమితి. అపరిమిత డేటా అని రాసిన ప్లాన్లలో చాలావాటికి రోజుకింత అన్న హద్దు ఉంటుంది. అది దాటగానే వేగం 128 కేబీపీఎస్‌కో, 384కో, 512కో పడిపోతుంది. 128 కేబీపీఎస్ దగ్గర 3 ఎంబీల ఫోటో ఒకటి వెళ్లడానికి మూడు నిమిషాలు పైన పడుతుంది. మాట ఏదోలా నడుస్తుంది, వీడియో నిలవదు. ఈ హద్దు ఫోన్ వాడకుండానే దాటిపోవచ్చు. దారిపొడవునా తీసిన ఫోటోలు, వీడియోలు బ్యాకప్ కోసం వాటంతటవే పైకి ఎక్కుతుంటాయి, యాప్‌లు అప్‌డేట్ అవుతుంటాయి. వాటిని వైఫైకి మాత్రమే పరిమితం చేయడం, డేటా సేవర్ ఆన్‌లో పెట్టడం బయల్దేరే ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పని. ఇంకో చిక్కు రోజు అన్న లెక్కలో ఉంది. కొందరు ఆన్ చేసిన గంట నుంచి 24 గంటలు లెక్కిస్తారు. కొందరు గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటితే కొత్త రోజంటారు. ఆ అర్ధరాత్రి మనకు తెల్లవారుజాము 5:30, కువైట్‌లో 3 గంటలు, డల్లాస్‌లో సాయంత్రం ఆరో ఏడో. మధ్యాహ్నమంతా మొరాయించిన నెట్ డల్లాస్‌లో సాయంత్రం దీపాల వేళకు ఉన్నట్టుండి పరుగెత్తడం మొదలుపెడితే, అందులో మన ప్రతాపం ఏమీ లేదు. కొత్త కోటా వచ్చిందంతే.

ఇక మన చేతిలో ఉన్నవాటి సంగతి. ఇక్కడ వరుస ముఖ్యం, ఎందుకంటే తొందరలో అన్నీ కలిపి మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు. ముందు మొబైల్ డేటా ఏ సిమ్ మీద ఉందో చూడాలి. రెండు సిమ్‌లున్న ఫోన్లో పేరుకు ఈ-సిమ్ ఆన్‌లో ఉన్నా డేటా మన ఊరి సిమ్ మీదే ఉండిపోవచ్చు. ఈ-సిమ్‌కు డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, మన ఊరి సిమ్‌కు ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో డేటాను అవసరాన్ని బట్టి ఒక సిమ్ నుంచి ఇంకోదానికి మార్చుకునే సదుపాయం ఒకటుంది, దాన్ని ఆపాలి, లేకపోతే బిల్లు గుండెల మీదికి వస్తుంది. తర్వాత ఏపీఎన్, అంటే ఫోను ఏ గేట్‌వే గుండా నెట్‌లోకి వెళ్లాలో చెప్పే పేరు. కంపెనీ పంపిన మెయిల్లో ఉన్న ఏపీఎన్ పేరు సెట్టింగుల్లో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. తప్పు పేరుంటే నెట్ అసలు రాకపోవడం మామూలు. వీపీఎన్ ఏదైనా నడుస్తుంటే ఆపాలి, అది దూరం మీద ఇంకో దూరాన్ని పెడుతుంది. ఆ తర్వాత నెట్‌వర్క్‌ను చేతితో ఎంచుకోవడం. ఒక దేశంలో ఈ-సిమ్‌కు ఇద్దరు ముగ్గురు కంపెనీలతో ఒప్పందం ఉండవచ్చు. ఫోను మొదట దొరికినదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఆటోమేటిక్ తీసేస్తే ఒకటి రెండు నిమిషాల్లో జాబితా వస్తుంది. ఒక్కొక్కటీ పట్టి చూడాలి. 5జీ గీత బలహీనంగా ఊగిసలాడుతుంటే 4జీకి దించి చూడటం కూడా తెలివైన పనే. ఎంత విసుగొచ్చినా ఈ-సిమ్‌ను మాత్రం డిలీట్ చేయకూడదు. చాలా కంపెనీల క్యూఆర్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఇంకోటి, దుబాయ్ వెళ్లేవాళ్లకు ముందే తెలియాలి: ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ను నిబంధనల ప్రకారమే అనుమతించరు. అక్కడ కాల్ కలవకపోతే నెట్ నిదానమని సెట్టింగులు తిప్పుతూ కూర్చోవడం వృథా.

ఫోన్ ఆపి మళ్లీ పెడితే బాగవుతుందనే మాటను కొట్టిపారేయను. ఏరోప్లేన్ మోడ్ వేసి తీసినా అదే ఫలితం. అప్పుడు ఫోను టవర్‌తో కొత్తగా నమోదవుతుంది. ఒక్కోసారి వేరే టవర్‌కో వేరే కంపెనీకో తగులుకుంటుంది, ఇరుక్కుపోయిన కనెక్షన్ తెగి కొత్తది మొదలవుతుంది. అందుకే అది చాలాసార్లు పనిచేస్తుంది, అందుకే పరిమితి దాటినప్పుడూ గేట్‌వే దూరంగా ఉన్నప్పుడూ పనిచేయదు. ఒక చోట పనిచేసిన చిట్కా ఇంకోచోట పనిచేయనప్పుడు తప్పు తమదేనని జనం అనుకుంటారు, అదే నాకు బాధ. జనసమ్మర్దంలో అయితే కారణం ఇంకొకటి. టవర్ నిండిపోయినప్పుడు కంపెనీ తన సొంత ఖాతాదారులను ముందు చూసుకుని, చౌక ప్లాన్లవాళ్లనూ రోమింగ్ మీద వచ్చినవాళ్లనూ వెనక వరుసలో నిలబెట్టవచ్చు. విమానాశ్రయంలో, స్టేడియంలో గీతలు నిండుగా ఉండి నెట్ కదలకపోతే ముందు దీన్నే అనుమానించాలి. పది నిమిషాలు అవతలికి నడవడమే దానికి విరుగుడు.

చౌకగా కొని నాణ్యత అడగడం న్యాయమా అంటారు. చౌకది అమ్మవద్దని నేననడం లేదు. చౌకదని రాసి అమ్మమంటున్నాను. డేటా ఏ దేశం మీదుగా ఇంటర్నెట్‌లోకి దిగుతుంది, మనం వెళ్లే దేశంలో ఏయే కంపెనీల టవర్లు దొరుకుతాయి, హద్దు దాటాక వేగం ఎంత, రోజు ఎప్పుడు మొదలవుతుంది. ఈ నాలుగూ కొనే చోటే కనబడాలి. ఇంత సాంకేతికం మామూలు జనానికి ఎక్కదంటే ఒప్పుకోను. సిమెంటు గ్రేడు కూడా సాంకేతికమే, అచ్చు వేశారు కాబట్టి జనం నేర్చుకున్నారు. నియమాలతో అయ్యే పని కాదనీ అనలేం. 2016లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మన దేశపు కంపెనీలకు హద్దు దాటాక వేగం ఎంతకు తగ్గుతుందో చెప్పి తీరాలని ఆదేశించింది. యూరోపియన్ యూనియన్ 2022 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన రోమింగ్ చట్టంలో, అక్కడి టవర్లలో సౌకర్యం ఉన్నంతవరకు ఇంట్లో దొరికే నాణ్యతే పక్క దేశంలోనూ ఇవ్వాలని రాసుకుంది. మన టెలికాం శాఖ 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను అనుమతి లేకుండా ఈ-సిమ్‌లు అమ్ముతున్నాయని ఆపించింది. విదేశీ సిమ్ అమ్మడానికి అనుమతి తప్పనిసరి అన్న చోట, నాలుగు ముక్కలు అచ్చు వేయడం కూడా తప్పనిసరి చేయడం పెద్ద పనేం కాదు.

అసలు ఈ గొడవంతా ఎందుకు, దిగగానే అక్కడి సిమ్ కొనుక్కుంటే పోలేదా అన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఆరు నెలలు ఉండబోయే అమ్మానాన్నలకు నేనూ అదే చెబుతాను. స్థానిక సిమ్‌కు గేట్‌వే ఆ దేశంలోనే ఉంటుంది, దూరం సమస్య మొదలంటా పోతుంది. అయితే మొదటి రోజుల సంగతి వేరు. కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇళ్లలో పనికి పోయే ఆడబిడ్డకు అక్కడి గుర్తింపు కార్డయిన సివిల్ ఐడీ చేతికొచ్చి, సొంతంగా లైన్ తీసుకునేదాకా ఫోన్లో ఉన్నదే ఆసరా. ఆ మొదటి రోజుల్లో ఇంటికి కబురు అందడమే అన్నిటికన్నా ముఖ్యం. అందుకని ప్రొద్దుటూరులోనో ఎర్రగుంట్లలోనో ఫోన్లో ఈ-సిమ్ వేసి పంపేవాళ్లు అపరిమితం అన్న మాటకు లోబడకుండా, వీలైతే ఆ దేశపు కంపెనీదో, గల్ఫ్‌లోనే గేట్‌వే ఉన్నదో చూసి, తక్కువ రోజులకు వేయాలి. మన ఊరి సిమ్‌ను కూడా డేటా రోమింగ్ ఆపి, ఎస్ఎంఎస్‌లు వచ్చేలా బతికించి ఉంచాలి. ఎందుకంటే విదేశీ ఫోన్ నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి 2023 జనవరిలో దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ మొదటగా అనుమతించిన 10 దేశాల్లో సౌదీ, ఒమన్, ఖతార్, ఎమిరేట్స్ ఉన్నాయి, కువైట్ లేదు. బ్యాంకు ఓటీపీ వచ్చేది మన ఊరి నంబరుకే. దాని రీఛార్జ్ గడువు ఎప్పటిదాకా ఉందో విమానం ఎక్కకముందే చూసుకుని, ఇంట్లో ఒకరికి ఆ తేదీ చెప్పి పోవాలి.