కాళ్లు అందితే చాలా?

పిల్లవాడికి బండి ఎప్పుడివ్వాలన్న ప్రశ్నకు మన కాలనీల్లో ఉన్న కొలత ఒక్కటే: సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా? హైదరాబాద్‌లోని చంపాపేట్, కర్మన్‌ఘాట్ గల్లీల్లో పదమూడు, పద్నాలుగేళ్లకే చాలామంది ఈ పరీక్ష పాసైపోతారు. పాల ప్యాకెట్‌కనో ట్యూషన్‌కనో తాళం చేతికొస్తుంది. దెబ్బలకు కట్లు కట్టే వృత్తి కాబట్టి నాకీ కొలత మీద నమ్మకం లేదు. ఎముకల వార్డుకొచ్చే గాయాన్ని బట్టి పిల్లవాడు బండి మీద ఎక్కడ కూర్చున్నాడో చాలావరకు చెప్పేయొచ్చు. ఆ గాయాలను వయసు వారీగా పేర్చి చూస్తే, ఈ కథ పదమూడో ఏట కాదు, మూడో ఏటే మొదలైందని తెలుస్తుంది.

వెనక సీట్లో కూర్చున్న నాలుగైదేళ్ల పాప మడమనే తీసుకోండి. కాళ్లు ఫుట్‌రెస్ట్‌కు అందవు, వేలాడుతుంటాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరిపడగానే పాదం లోపలికి జారి చక్రం చువ్వల్లో పడుతుంది. తిరిగే చువ్వకూ కదలని ఇనప కడ్డీకీ మధ్య మడమ నలిగిపోతుంది. పైకి చూస్తే చిన్న చీలికే; 'రెండు కుట్లేసి పంపించండి డాక్టర్‌గారూ' అంటారు ఇంట్లోవాళ్లు. మూడు నాలుగు రోజులకు చుట్టూ ఉన్న చర్మం నల్లబడుతుంది, లోపల రక్తనాళాలు ముందే నలిగిపోయాయి కనుక. అక్కడ చర్మం కింద మెత్తటి కండ ఉండదు, నేరుగా నరంలాంటి పెద్ద పట్టీ, దాని వెనకే ఎముక. అందుకే మానడానికి వారాలు పడుతుంది, కొందరికి తొడ నుంచి చర్మం తీసి అతికించాల్సి వస్తుంది. చేతిపట్టు, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ప్రతి బండికీ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ అడ్డే మనం చీర గార్డు అనేది. కొత్త బండి ఇంటికొచ్చిన వారానికే స్టైల్ తగ్గిందని దాన్ని విప్పించేవాళ్లున్నారు.

ముందు, పెట్రోల్ ట్యాంకు మీద కూర్చునేవాడిది ఇంకో రకం. సడన్ బ్రేకు పడితే హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంటుంది. పైన గీత కూడా పడకపోవచ్చు, లోపల కాలేయమో ప్లీహమో చిట్లి ఉంటుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం తప్పనిసరి చేస్తూ 2022లో నిబంధన తెచ్చారు. నాలుగేళ్లు దాటితే హెల్మెట్ ఎలాగూ ఉండాల్సిందే. ఆచరణలో మాత్రం వాడు నాన్న చేతుల మధ్య నుంచి యాక్సిలరేటర్ తిప్పితే ముచ్చటపడి వీడియో తీస్తాం. పదేళ్ల తర్వాత అదే చెయ్యి తాళం అడిగితే ఆశ్చర్యమెందుకు?

చట్టం సంగతికొస్తే, 1988 మోటారు వాహనాల చట్టం పద్దెనిమిదేళ్ల గీత గీసింది. పదహారు నిండినవాళ్లు 50 సీసీ దాటని బండి లైసెన్సుతో నడపొచ్చన్న మినహాయింపు ఉంది గానీ, ఇప్పుడు రోడ్డు మీద తిరిగే స్కూటర్లు 110, 125 సీసీలవి. టీవీఎస్ ఎక్స్ఎల్ కూడా వందకు చేరింది. మినహాయింపు కాగితం మీద మిగిలింది, బండే లేదు. 2019 సవరణతో శిక్ష పెద్దల మీదికి మళ్లింది: మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. అంతకుముందే, 2018లో, హైదరాబాద్ కోర్టులు బండిచ్చిన తండ్రులను జైలుకు పంపాయి.

'మావాడు నాకంటే బాగా నడుపుతాడు' అంటారు. నిజమే కావచ్చు. క్లచ్చు, గేరు చేతి పని, వారంలో వచ్చేస్తుంది. సాగర్ రోడ్డు మీద ఎదురొచ్చే బస్సు ఎంతసేపట్లో దగ్గరికొస్తుందో, ఇప్పుడు దాటాలా ఆగాలా అన్నది తూచుకోవడం వేరే పని. ఆవేశాన్ని పట్టి ఉంచే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. వెనక ఇద్దరు దోస్తులు ఎక్కితే ఉన్న కాస్త నిదానమూ పోతుంది. 'మెయిన్ రోడ్డు ఎక్కడు, కాలనీలోనే' అనేవాళ్లకు చట్టం జవాబిచ్చింది: జనం తిరిగే హక్కున్న ఏ గల్లీ అయినా బహిరంగ స్థలమే. విదేశాల్లో చిన్న పిల్లలు మోటోక్రాస్ ఆడటం లేదా అంటే, ఆడతారు. కంచె వేసిన ట్రాకు మీద, ఛాతీ కవచంతో, పక్కన కోచ్‌తో ఆడతారు. మన దగ్గరా అలాంటి మైదానం చూపిస్తే నాకేం అభ్యంతరం లేదు.

కాదనలేని వాదన ఒక్కటుంది. ట్యూషన్ దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో అక్కడుంది, ఇల్లు చంపాపేట్‌లో; రోజూ ఆటోకు పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. ఆ ఇళ్లకు నేను చెప్పేది సైకిల్, లేదా 250 వాట్లలోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగంలోపు నడిచే బ్యాటరీ బండి. చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కించదు, లైసెన్సు అడగదు. హెల్మెట్ మాత్రం పెట్టాలి, అదీ వాడి తలకు సరిపోయేది. నాన్న హెల్మెట్ పడగానే ఊడిపోతుంది. బండి కొన్నాక మెకానిక్ దగ్గర వేగం అడ్డు తీయించారా, ఇక అది లైసెన్సు కావలసిన బండే, నడిపేది మాత్రం ఆ పద్నాలుగేళ్లవాడే.