ఫ్యాను చూశారా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు పాత విద్యార్థులం నలుగురం ఒకచోట కూర్చున్నాం. ఏం రాయాలా అనుకుంటుంటే నలుగురికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. అప్పట్లో అది ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాం.

మాది గౌతమి పాయలో ఒక లంక. అక్కడ బడి అయిదో తరగతి వరకే. ఆరో తరగతికి అమలాపురం వచ్చి హాస్టల్లో చేరాం. సెలవులకు ఇంటికి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా ముక్తేశ్వరం వైపు రేవు దాకా ఇంజన్ పడవే దిక్కు. పడవ నడిపే ఆయన్ని అందరం బాబాయి అనే పిలిచేవాళ్లం. హాస్టల్ పిల్లలమని మా దగ్గర డబ్బులు తీసుకునేవాడు కాదు. బదులుగా మాకొక పని అప్పజెప్పాడు. పడవ కదిలే ముందు మేము ఫ్యాను చూడాలి.

పుస్తకాల్లో దాన్నే ప్రొపెల్లర్ అంటారు. ఇంజన్ నుంచి వెనక్కి సాగిన పొడవాటి షాఫ్టు చివర మూడు రెక్కలుంటాయి. అవి నీటిని వెనక్కి నెడితే నీరు పడవను ముందుకు నెడుతుంది. సైన్సు మేస్టారు న్యూటన్ మూడో సూత్రం చెప్పిన రోజున మాకు బాబాయి పడవే కళ్లముందు కనపడింది.

ఎలా చూడాలో బాబాయే నేర్పాడు. ముందు ఇంజన్ ఆపాలి. తిరిగే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకూడదు. షాఫ్టు పైకెత్తి ఒక్కొక్క రెక్క అంచునా వేలు రాయాలి. సొట్ట ఉంటే ఆకురాయితో సాపు చేయాలి. రెక్క వంగినా, పగులిచ్చినా బరువు సమంగా ఉండక పడవంతా అదురుతుంది, బేరింగులు పోతాయి. నట్టు బిగువుగా ఉందా, పిన్ను తెగిందా చూడాలి. ఇంజన్ అరుస్తూ పడవ కదలకపోతే పిన్ను తెగినట్టే లెక్క. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాను వెనకాల షాఫ్టుకు వలదారం గానీ గుర్రపుడెక్క గానీ చుట్టుకుందేమో చూడాలి. నైలాన్ దారం సన్నగా ఉంటుంది, పైకి కనపడదు. సీలు కోసేస్తుంది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం. గోదావరి ఎర్రనీరుతో పోటు మీదుంది. మర్నాడు పరీక్ష. ఆరో తరగతిలో కొత్తగా చేరిన మా ఊరి పిల్లాడు కూడా మాతో ఉన్నాడు. వానకు తడుస్తామని గబగబా ఎక్కేశాం.

"ఫ్యాను చూశారేంట్రా?" అని బాబాయి అడిగాడు.

"చూశాం బాబాయ్" అన్నాం. చూడలేదు.

నడిపాయలోకి వెళ్లాక ఇంజన్ బరువుగా మూలిగింది, నల్లపొగ కక్కి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి వాలుకు కొట్టుకుపోతోంది. బాబాయి లంగరు వేశాడు. అది పట్టేలోపు ఎంత దూరం పోయామో తెలియదు. ఆ చిన్నవాడు మా చొక్కా పట్టుకుని, "అన్నా, ఫ్యాను చూశారుగా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

బాబాయి షాఫ్టు ఎత్తాడు. తెగిపోయిన వలముక్క గుప్పెడు లావున చుట్టుకుని ఉంది. వానలో కత్తితో కోసి తీసేసరికి చీకటి పడింది. రేవుకు చేరాక తిట్టలేదు. "చూడలేదని చెప్పుంటే నేనే చూసుకునేవోణ్ణి కదర్రా" అన్నాడు. అంతే. ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

తర్వాత 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో కడుతున్న వంతెన స్తంభానికి పడవ తగిలి బోల్తా పడిందనీ, బడికి వెళ్లొస్తున్న ఆడపిల్లలు ప్రాణాలు కోల్పోయారనీ విన్నాం. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ ప్రమాదం వేరు, మాది వేరు. కానీ నది ఒక్కటే. మేము ఒడ్డు చేరాం, వాళ్లు చేరలేదు.

ఇప్పుడు మాలో ఒకడు ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చదివి పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఒకడు బడిలో పాఠాలు చెబుతున్నాడు. ఇద్దరు కొబ్బరి వ్యాపారంలో ఉన్నారు. ఏ పనిలో ఉన్నా, చూడనిదాన్ని చూశామని చెప్పబోయేటప్పుడు ఆ పిల్లాడి చెయ్యి మా చొక్కా లాగినట్టే ఉంటుంది.

తమ్ముళ్లూ, మీలో లంకల నుంచి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవ ఎక్కకండి. వరద ఉన్నప్పుడు తొందరపడకండి. మీకు అప్పజెప్పిన పని చిన్నదే కావచ్చు, చేయలేకపోతే చేయలేదని చెప్పండి. దానివల్ల పోయేది పది నిమిషాలే.

ఆ చిన్నవాడు పదో తరగతి పాసై వెళ్లేవరకూ, పడవ కదిలే ముందు ఫ్యాను వాడే చూసేవాడు. మమ్మల్ని మళ్లీ అడగలేదు.