లేత్ మీద నలుచదరం

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో డిజైన్ విద్యార్థులు ప్రాజెక్టు చేస్తున్నారు, చూసి ఓ పేజీ రాసివ్వమన్నారు ఎడిటర్ గారు. పిల్లల్ని చూసింది తక్కువ. ఒక పెద్దాయన లేత్ దగ్గరే కూర్చుండిపోయాను.

అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. ఉలి ఆనితే చాలు, తెల్లటి పొట్టు ఆయన మోకాళ్ల మీద రాలుతోంది. నునుపు తేలాక పసుపురంగు లక్క కడ్డీని కర్రకు అదిమాడు. నిప్పూ లేదు, పొయ్యీ లేదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టేసింది. మీద మొగలి ఆకు ఒత్తిపట్టేసరికి నిగనిగలాడింది.

"ఇది సూడండి బాబూ" అంటూ ఓ కాగితం చేతిలో పెట్టాడు. పిల్లలు గీసిచ్చిన నలుచదరపు పెన్ స్టాండు. "తిప్పితే గుండ్రంగా వత్తాది గానీ నాలుగు మూలలు ఎలాగొత్తాయి? గీసేముందు ఒక్కళ్లూ అడగనేదు."

పిల్లల్ని ఏమనగలం? వాళ్లకిచ్చిన బ్రీఫ్ అడిగి చదివాను. సంప్రదాయ కళను పట్టణ యువతకు చేరువ చేసే వినూత్న ఉత్పత్తులు రూపొందించాలట. మిగతాదంతా మార్కుల పంపకం. కర్ర ఎంత లావుది దొరుకుతుంది, ఒక్కోటి చెయ్యడానికి ఎంతసేపు, అమ్మితే చేసినవాడికి ఏం మిగలాలి, ఒక్క ముక్క లేదు. రాసినవారు ఈ అరుగు మీద ఒక్క పూటైనా కూర్చున్నారా అని ఒళ్లు మండింది.

1958లో డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన చెంబును మెచ్చుకుని ఊరుకోలేదు. నీళ్లెన్ని పట్టాలి, నెత్తిన మోస్తారా చంకనా, పట్టుకునేవి ఎవరి చేతులు, ఖరీదెంత, పాతబడ్డాక అమ్మితే ఏమొస్తుంది అని వరసపెట్టి అడిగారు. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది ఆ నివేదిక చలవతోనే. అలా మొదలైన చదువులో ఇప్పుడు ప్రశ్నలు పోయి విశేషణాలు మిగిలాయి.

"బ్రీఫ్‌లో అన్నీ ముందే చెప్పేస్తే పిల్లల ఊహకు సంకెళ్లు కాదాండీ?" అంది వాళ్ల వెంట వచ్చిన అధ్యాపకురాలు. నేనొప్పుకోలేదు. ఈ ఊరి బొంగరాలు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు అన్నీ లేత్ పెట్టిన ఆ గుండ్రం హద్దులోంచి వచ్చినవే కదా!

"మరి బ్రీఫ్ ఎలా రాయమంటారు?"

"ముందు ఈయన్ని అడిగి రాయండమ్మా. అదీ ఊరికే కాదు, ఆ పూట కూలి చేతిలో పెట్టి అడగండి. మీతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన లేత్ ఆగిపోయే ఉంటుంది."